48 వేలు తిరిగిన టర్బో పెట్రోల్, 7.60 లక్షలు చెప్తున్నారు. తీసుకోవచ్చా?

ఖమ్మం_కిరణ్
పదమూడేళ్ళుగా ఒకే హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నా. ఇప్పుడు ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కనంటోంది. ఇంట్లో పోరు పడలేక కాంపాక్ట్ ఎస్‌యూవీ చూస్తున్నా. బడ్జెట్ ఎనిమిది లోపు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులన్నీ కలిపి. మియాపూర్ నుంచి ఆఫీసుకి రోజూ 14 కి.మీ., నెలకి రెండుసార్లు ఖమ్మం. అమ్మానాన్న అక్కడే ఉంటారు.

ఒక బండి నచ్చింది. 2021 మోడల్, 1.0 టర్బో పెట్రోల్, ఆటోమేటిక్, ఫస్ట్ ఓనర్, టీఎస్ 07 నంబరు, తెలుపు రంగు. మీటరు మీద 48 వేలు. 7.60 చెప్తున్నాడు, గట్టిగా అడిగితే 7.30కి దిగేలా ఉన్నాడు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే సగం పోస్టులు దాని మీద కొట్లాటకే పోతాయి.

టర్బో అన్న మాట వినగానే మా బావమరిది "లక్ష దాటితే పేలిపోద్ది బావా" అన్నాడు. నిజమేనా? వాడిన బండి కొని నడుపుతున్నవాళ్ళు చెప్పండి. వీడియోలు చూసి చూసి టెన్షన్ ఇంకా పెరిగింది.

డీజిల్_బాబాయ్
మీ బావమరిది బుద్ధిమంతుడు. లీటరు ఇంజను, మూడు సిలిండర్లు, దాంతో టన్ను పైన బరువు లాగించడం. లేగదూడకి కాడి కట్టినట్టు. టర్బో లేని 1.5 పెట్రోల్ ఏదన్నా చూసుకుని హాయిగా పడుకో.

టర్బో_శీను
బాబాయ్, మీరు పదేళ్ళ నుంచి నడిపేది డీజిల్ బండి. అందులో టర్బో లేదనుకుంటున్నారా? బానెట్ కింద ఉన్నది మరి ఏంటి, టేబుల్ ఫ్యానా?

డీజిల్_బాబాయ్
డీజిల్ టర్బో వేరు, పెట్రోల్ టర్బో వేరు. పిల్లకాయలకి చెప్పినా అర్థం కాదు.

ఆటోనగర్_బాషా
బాబాయ్ మాటలో సగం నిజం ఉంది. పెట్రోల్ ఇంజను ఎగ్జాస్ట్ 900 డిగ్రీలు దాటిపోతుంది, డీజిల్ అంత వేడెక్కదు. కాబట్టి పెట్రోల్ టర్బోకి కష్టం ఎక్కువే. మిగతా సగం తప్పు. పేలడం గీలడం ఏమీ ఉండదు.

కిరణ్ అన్నా, టర్బో అంటే ఒక సన్నటి షాఫ్ట్, దానికి రెండు చివర్లా రెండు చక్రాలు. ఒక చక్రాన్ని పొగ తిప్పుతుంది, రెండోది గాలిని ఇంజన్లోకి నూకుతుంది. ఈ చిన్న ఇంజన్లలో ఆ షాఫ్ట్ నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. చాలా బండ్లలో దానికి గుండ్ల బేరింగులు కూడా ఉండవు. పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది, అంతే. ఆ ఆయిల్ సమయానికి మార్చకపోతే నల్లబడి చిక్కబడుతుంది. టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు పెన్సిల్ కన్నా సన్నం. అందులో ఆయిల్, పప్పు అడుగంటినట్టు మాడి అట్ట కడుతుంది. పొర పోయిందంటే షాఫ్ట్ ఊగుతుంది, చక్రం గోడకి రాసుకుంటుంది, పని అయిపోతుంది.

మా షెడ్డుకి వచ్చిన టర్బోల్లో వాటంతట అవి పోయినవి తక్కువ. ఓనర్ పోగొట్టినవే ఎక్కువ. కాబట్టి నువ్వు చూడాల్సింది బండిని కాదు, దాన్ని నాలుగేళ్ళు ఉంచుకున్న మనిషిని.

ఇంకోటి. ఆటోమేటిక్ అన్నావు, ఏ ఆటోమేటిక్?

ఖమ్మం_కిరణ్
భాయ్, "ఆటోమేటిక్" అనే చెప్పాడు. క్లచ్ లేదు. అంతకుమించి నాకూ తెలీదు, అతనికీ తెలిసినట్టు లేదు.

ఆటోనగర్_బాషా
అదే తెలుసుకోవాలి ముందు. ఈ సైజు బండ్లలో రెండు క్లచ్‌ల డీసీటీ ఉంది, సీవీటీ ఉంది, ఏఎంటీ ఉంది, టార్క్ కన్వర్టర్ ఉంది. అన్నింటినీ జనం ఆటోమేటిక్ అనే అంటారు, రిపేరు బిల్లు మాత్రం దేనికదే. డ్రై క్లచ్ డీసీటీ అయితే హైవే మీద వెన్నలా ఉంటుంది, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతూ పోతే క్లచ్‌లు వేడెక్కుతాయి. టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద కాదు, సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్‌లో చెయ్యి. నడక వేగంలో వణుకు వచ్చిందంటే వదిలెయ్.

అనంతపురం_ఆది
మాకు గంటన్నర దూరంలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. మా పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఎక్కడ చేస్తాడు" అంటే "బండ్లు చేస్తాడు" అనే రోజులొచ్చాయి. ఇక్కడ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో సోనెట్‌లు బాగానే తిరుగుతుంటాయి. టాపిక్‌కి సంబంధం లేదు, చెప్పాలనిపించింది.

సుజాత_విశాఖ
కిరణ్ గారు అడిగింది వాడుతున్నవాళ్ళ మాట కదా. నేను వాడుతున్నాను. 2019 మోడల్ టర్బో పెట్రోల్, మాన్యువల్. 31 వేలు తిరిగాక 2023లో కొన్నాను, ఇప్పుడు 74 వేలు. కంపెనీ పేరు నేనూ చెప్పను.

మైలేజ్ సంగతి ముందే చెప్తాను, బ్రోచర్లో రాసింది మర్చిపోండి. ఊళ్ళో పదిన్నర. హైవే మీద 90లో పోతే 17 ఇస్తుంది, 120లో పోతే 13కి పడిపోతుంది. టర్బో బండి మన కుడి పాదాన్ని బట్టి తాగుతుంది.

భయపడింది ఒక్కసారే. అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్ మధ్యలో ఫట్‌మని శబ్దం. ఇంజను లైటు వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా 40 దాటదు. వెనక సీట్లో మా అత్తగారు, ఆవిడ ఒళ్ళో ప్రసాదాల డబ్బా, మా వెనక బస్సు హారన్. మెల్లగా వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చాం. మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కాన్ పెట్టి పీ0299 కోడ్ వచ్చింది, టర్బో పోయింది, అసెంబ్లీ మార్చాలి అన్నారు. 90 వేల పైన ఎస్టిమేట్ ఇచ్చారు. ఆ కోడ్‌కి అర్థం గాలి ఒత్తిడి సరిపోవట్లేదనే తప్ప టర్బో పోయిందని కాదని ఇదే వేదికలో ఎవరో రాసింది గుర్తొచ్చి, బండి వెనక్కి తెచ్చేసుకున్నా. మా వీధి చివర మెకానిక్ కింద పడుకుని చూస్తే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే రబ్బరు పైపు ఊడి వేలాడుతోంది. క్లిప్పు వదులైంది. కొత్త క్లిప్పు 60 రూపాయలు. లేబర్ ఇస్తే తీసుకోలేదు, కాఫీ తాగించాను.

టర్బో_శీను
60 రూపాయల క్లిప్పుకి 90 వేల ఎస్టిమేట్. ఇది ఫ్రేమ్ కట్టించి ఈ వేదిక గోడకి తగిలించాలి.

డీజిల్_బాబాయ్
టర్బో లేకపోతే ఆ క్లిప్పే ఉండదు కదమ్మా.

సుజాత_విశాఖ
నిజమే బాబాయ్ గారూ. బండే లేకపోతే పెట్రోల్ ఖర్చు కూడా ఉండదు.

లెక్కల_మాస్టారు
లెక్క చూద్దాం. కిరణ్ ఏడాదికి సుమారు 12,000 కి.మీ. తిరుగుతాడు అనుకుందాం. టర్బో సగటున 11 ఇస్తే 1,091 లీటర్లు. మామూలు పెట్రోల్ ఇంజను 13 ఇస్తే 923 లీటర్లు. తేడా 168 లీటర్లు. లీటరు 107 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 18 వేలు. నెలకి 1,500. ఒక కుటుంబం ఒకసారి బిర్యానీకి వెళ్ళొచ్చే ఖర్చు. దీనికోసం తల బద్దలు కొట్టుకోవద్దు.

అసలు చూడాల్సింది కొన్న రేటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ బండ్ల మీద పన్ను సెస్‌తో కలిపి 29 శాతం నుంచి 18కి దిగింది. అంటే అప్పటిదాకా షోరూమ్ ధర 12 లక్షలున్న బండి పన్ను లెక్కన సుమారు 10.98కి రావాలి. కొత్తది లక్ష తగ్గితే నాలుగేళ్ళ పాతది తగ్గదా? అమ్మేవాళ్ళు ఇంకా పాత రేటు మీదే కూర్చుంటారు. 7.60 అంటే ఇంతే సంగతులు అనుకోకు, అడుగు.

బెంగళూరు_తెలుగోడు
ఇక్కడ అదే సెగ్మెంట్ బండి 6.70కి దొరుకుతోంది. కేఏ నంబరు. తీసుకెళ్ళిపోండి.

పాలసీ_ప్రసాద్
6.70 అని నోరూరితే అయిపోతారు. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద అభ్యంతరం లేదనే పత్రం, అదే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ వయసు లెక్కగట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది రీఫండ్‌కి అప్లై చేసుకోవాలి. లోన్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35 కూడా. ఇవన్నీ అయ్యేసరికి హైదరాబాద్ రేటే వస్తుంది, పైగా సెలవులు అయిపోతాయి. ఇక్కడి బండి అయితే పేరు మార్చే ఫారం 29, 30తో పని అయిపోతుంది.

నా వంతు సలహా ఒకటి. సెల్లర్ దగ్గర పాత ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడుగు. అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడు. క్లెయిమ్ లేకుండా వరసగా సాగితే అది 20, 25, 35, 45, 50 అని పెరుగుతూ పోతుంది. నాలుగేళ్ళ బండికి బోనస్ సున్నా అని ఉంటే ఆ మధ్యే ఏదో క్లెయిమ్ జరిగుండాలి, లేదా పాలసీ మధ్యలో ఆగిపోయి ఉండాలి. ఏంటి అని అడగాలి. ఆ బోనస్ ఓనర్‌ది, బండితో పాటు నీకు రాదు. పేరు మారాక పద్నాలుగు రోజుల్లో పాలసీ కూడా నీ పేరుకి మార్పించుకో.

డల్లాస్_రవి
ఇక్కడ మేం కార్‌ఫ్యాక్స్ రిపోర్ట్ తీసుకుంటాం. యాక్సిడెంట్లు, సర్వీసులు, ఎంతమంది ఓనర్లు, అన్నీ వచ్చేస్తాయి. ఇండియాలో అలాంటిది లేదా?

టర్బో_శీను
ఉంది. వాచ్‌మన్.

సుజాత_విశాఖ
నవ్వొచ్చింది గానీ ఇది జోకు కాదు. నేను కొన్నప్పుడు మొదట మాట్లాడింది ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యతోనే. రోజూ బండి తుడిచేది ఆవిడే.

బెజవాడ_బుల్లోడు
2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్‌నగర్‌లో బండ్లు టాపు దాకా మునిగాయి. మా పక్కింటాయన బండి మూడు రోజులు నీళ్ళలో ఉంది. తర్వాత ఆరు నెలలకి అదే బండి తళతళలాడిపోతూ వేరే ఊళ్ళో అమ్మకానికి కనిపించిందని మా తమ్ముడు ఫొటో పంపాడు. కాబట్టి ఇది కూడా చూసుకో కిరణ్. సీటు బెల్టు మొత్తం చివరిదాకా లాగు, ముందు నాలుగు అంగుళాలు కాదు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ పట్టీ మీద గీత ఉంటుంది. స్టెప్నీ తీసి దాని గుంతలో వేలు పెట్టి చూడు, మూలల్లో ఒండ్రు మట్టి సన్నగా పేరుకుని ఉంటుంది. సీటు కింద పట్టాల తుప్పు చూడు. పర్‌ఫ్యూమ్ వాసన మరీ ఎక్కువగా ఉంటే అనుమానపడు.

ఆటోనగర్_బాషా
బుల్లోడు చెప్పింది నూరు శాతం.

ఇంజను చూసేటప్పుడు అన్నింటికన్నా ముఖ్యం, బండి చల్లగా ఉండాలి. వస్తున్నానని ఫోన్ చెయ్యకుండా పొద్దున్నే వెళ్ళు. ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే "సాయంత్రం వస్తా" అని వచ్చెయ్. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు మొదటి ఐదు సెకన్లలోనే నిజం బయటపడేది. ఇంజన్లోని చైన్ గలగలమంటుందా, వెనక నీలం పొగ వస్తుందా.

తర్వాత మాన్యువల్ అయితే మూడో గేర్లో 1500 ఆర్‌పీఎం దగ్గర నుంచి యాక్సిలరేటర్ మొత్తం తొక్కు. రెండు వేలు దాటేసరికి వీపు సీటుకి అంటుకోవాలి. అదే టర్బో. సన్నటి ఈల వినపడితే తప్పులేదు, అంబులెన్స్ సైరన్‌లా అరిస్తే తప్పు. దిగుడు రోడ్డులో కాసేపు కాలు తీసేసి, మళ్ళీ తొక్కి అద్దంలో చూడు. గుప్పున నీలం పొగ లేస్తే ఆయిల్ కాలుతున్నట్టే.

బండి కంప్యూటర్లోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టించు. కోడ్ లేదని సంబరపడకు. నిన్న రాత్రే తుడిచేసి ఉండొచ్చు. తుడిచి ఉంటే లోపలి పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని ఆ స్కానరే చూపిస్తుంది. అది చూడమని స్కాన్ చేసేవాడికి నువ్వే చెప్పు, లేకపోతే చూడడు.

బిల్లులు అడుగు. సర్వీసు పుస్తకంలో స్టాంపు కాదు, బిల్లు. ఏ తారీఖున ఏ గ్రేడు ఆయిల్ ఎన్ని లీటర్లు పోశారో అందులో ఉంటుంది.

కోటిరెడ్డి_నరసరావుపేట
టర్బో బండి ఆపేముందు నిమిషం సేపు ఇంజను ఆన్‌లో ఉంచాలంటారు, ఇప్పటి బండ్లకి కూడా అవసరమా?

ఆటోనగర్_బాషా
ఊళ్ళో తిరిగొస్తే అక్కర్లేదు, ఇంటి సందులోకి వచ్చేసరికే చల్లబడుతుంది. హైవే మీద 120లో కొట్టుకొచ్చి దాబా ముందు టక్కున ఆపితే మాత్రం ఒక నిమిషం ఆగు. లోపల ఎర్రగా కాలిన టర్బోకి ఆయిల్ ఒక్కసారి ఆగిపోతే అక్కడున్నది మాడుతుంది. కొన్ని బండ్లకి ఇంజను ఆపాక కూడా కూలెంట్ తిప్పే చిన్న పంపు ఉంటుంది. అయినా నిమిషానికి పోయేదేముంది.

కోటిరెడ్డి_నరసరావుపేట
మరి ఈ20, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్?

టర్బో_శీను
అయ్యా, ఆ టాపిక్ మొదలెడితే ఈ థ్రెడ్ సంక్రాంతి దాకా ఆగదు. దానికి వేరే థ్రెడ్ ఉంది, 40 పేజీలు, ఎవరూ గెలవలేదు.

ఖమ్మం_కిరణ్
వెళ్ళొచ్చాను. శనివారం పొద్దున ఏడింటికి. బాషా భాయ్ వద్దన్నా మర్యాద కోసం అరగంట ముందు ఫోన్ చేశాను. అదే తప్పు. బానెట్ మీద చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెలా ఉంది. "ఇప్పుడే పాల ప్యాకెట్ తెచ్చా సార్" అన్నాడు. పాల బూత్ గేటు ఎదురుగానే ఉంది.

బండి బయటికి చూడ్డానికి బాగుంది. లోపల కూర్చుంటే స్టీరింగ్ ఎడమవైపు నున్నగా మెరుస్తోంది, బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగిపోయాయి. 48 వేలకి అంత అరుగుతుందా? వెనక అద్దం మీద చెయ్యంత స్టిక్కర్ గీకేసిన మరక ఉంది. స్టీరింగ్ కింద ఒక వైరు కత్తిరించి టేపు చుట్టి వదిలేశారు, ఎక్కడికీ వెళ్ళట్లేదు. సర్వీసు బిల్లులు అడిగితే రెండిచ్చాడు. ఒకటి 19 వేల దగ్గర, ఇంకోటి 41 వేల దగ్గర. మధ్యలో 22 వేల కి.మీ. ఏం జరిగిందో "బయట చేయించా, బిల్లు పోయింది" అన్నాడు.

ఫోన్లో నంబరు కొట్టి చలాన్లు చూశాను. 14 ఉన్నాయి. తొమ్మిది ఓవర్ స్పీడ్, దాదాపు అన్నీ ఔటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్‌ఆర్ మీద. అక్కడ లిమిటే 120. అది కూడా దాటించాడంటే.

అప్పుడు శీను అన్నమాట గుర్తొచ్చి, వచ్చేటప్పుడు వాచ్‌మన్ దగ్గర ఆగాను. ఈ తెల్ల బండి సారు బాగా చూసుకుంటారా అని మామూలుగా అడిగా. ఆయన అన్నమాట అన్నట్టే రాస్తున్నా: "ఈ బండి ఈడ ఎప్పుడున్నది సార్. సారు కిరాయికిస్తడు. వారం వారం ఎవరో పోరగాళ్ళొచ్చి తీస్కపోతరు, గోవ అంటరు, శ్రీశైలం అంటరు. మొన్నొకడు అర్ధరాత్రి తెచ్చి గేటుకి గుద్దిండు."

టర్బో_శీను
కార్‌ఫ్యాక్స్!!!

డల్లాస్_రవి
ఒప్పుకుంటున్నా. మా రిపోర్టులో గేటుకి గుద్దిన సంగతి రాదు.

ఆటోనగర్_బాషా
కత్తిరించిన వైరు జీపీఎస్ డబ్బాది. సెల్ఫ్ డ్రైవ్‌కి తిప్పే బండ్లకి పెడతారు. తెల్ల ప్లేటు, అంటే సొంతానికి వాడే బండి కిరాయికి తిప్పడమే తప్పు, అది వేరే సంగతి. అద్దెకి తీసుకున్నవాడు పొద్దున చల్లటి ఇంజన్ని స్టార్ట్ చేసి మరు నిమిషమే రెడ్‌లైన్ దాకా తొక్కుతాడు, రాత్రి ఎర్రగా కాలిన ఇంజన్ని టక్కున ఆపేస్తాడు. నలుగురు పెళ్ళిళ్ళకి పట్టుకెళ్ళిన గుర్రం అది. ఉచితంగా ఇచ్చినా ఆలోచించు.

టర్బో_శీను
నేను మాత్రం ఒప్పుకోను భాయ్. ఇంజను తిరిగింది ఎక్కువగా హైవే మీదే. రేటు ఆరుకి దించితే, లక్ష పక్కన పెట్టుకుని టర్బో పోతే మార్పించుకోవచ్చు. ఇంకా మిగుల్తుంది.

లెక్కల_మాస్టారు
శీనూ, టర్బో ఒక్కటే పోతే నీ లెక్క కరెక్ట్. చక్రం విరిగి ముక్కలు ఇంజన్లోకి పోతే? గేర్ బాక్స్ కూడా మొరాయిస్తే? అదనంగా లోన్ వడ్డీ. పైగా బండి షెడ్డులో పడి ఉన్న ఇరవై రోజులు ఆటో ఛార్జీలు.

టర్బో_శీను
మాస్టారు ఆటో ఛార్జీలు కూడా కలిపేశారు. సరే, ఓడిపోయా.

ఖమ్మం_కిరణ్
అది వదిలేశా. ఇప్పుడు ఇంకోటి చూశాను. హన్మకొండలో, రిటైర్డ్ హెడ్మాస్టరు గారిది. 2020 మోడల్, టర్బో పెట్రోలే, మాన్యువల్. 39 వేలు. 6.95 చెప్తున్నారు. ఈసారి ఫోన్ చెయ్యకుండానే వెళ్ళా, పొద్దున ఆరున్నరకి. బానెట్ మీద రాత్రి మంచు ఇంకా ఉంది.

ఆయన నన్ను కూర్చోబెట్టి, బండి చూపించే ముందు నన్నే ప్రశ్నలడిగారు. ఎవరు నడుపుతారు, ఎంత దూరం, ఇంట్లో చిన్నపిల్లలున్నారా. తర్వాత ఒక అట్ట ఫైలు తెచ్చి చేతిలో పెట్టారు. ప్రతి బిల్లూ తారీఖు వరసలో కుట్టి ఉంది, గాలి కొట్టించిన చీటీలు కూడా. అట్ట లోపలివైపు పెన్సిల్‌తో ఆయిల్ మార్చిన తారీఖు, కి.మీ., మళ్ళీ ఎప్పుడు మార్చాలో రాసుకున్నారు. పది వేల దాకా ఆగకుండా ఏడున్నర వేలకే మార్పించారు. ఎందుకు సార్ అంటే "పిల్లలకి పరీక్ష పెట్టాక దిద్దడం ఆలస్యం చేస్తామా" అన్నారు. నాకు సంబంధం అర్థం కాలేదు గానీ తలూపాను.

స్టార్ట్ చేస్తే చైన్ శబ్దం లేదు, పొగ లేదు. మూడు సిలిండర్ల వణుకు కొంచెం ఉంది. కుడివైపు వెనక డోరు మీద గీత, అది మనవడు సైకిల్‌తో గీశాడని ఆయనే చూపించారు. ఇన్సూరెన్స్‌లో బోనస్ 45 శాతం. స్కాన్‌లో కోడ్లు లేవు, పరీక్షలన్నీ పూర్తయినట్టే చూపించింది. టైర్లు మాత్రం ఒరిజినల్‌వే, పక్కన రాసిన నాలుగంకెల్లో చివరి రెండూ 20. ఇప్పుడు మార్చాల్సిందే.

ఆటోనగర్_బాషా
ఇంకా ఇక్కడ కూర్చుని టైపు చేస్తున్నావేంటి అన్నా? అడ్వాన్స్ ఇచ్చెయ్.

పాలసీ_ప్రసాద్
టైర్ల పేరు చెప్పి 20 వేలు తగ్గించమను. హెడ్మాస్టర్లతో బేరం కష్టం, అయినా అడుగు.

డీజిల్_బాబాయ్
మాన్యువల్ అన్నావు, అది నయం. టర్బో సంగతి నీ ఖర్మ.

ఖమ్మం_కిరణ్
6.80కి అయిపోయింది. ఫారాల మీద సంతకాలు పెట్టేటప్పుడు ఆయన ప్రతి కాగితం చదివి, ఫారం 30లో నేను రాసిన అడ్రసులో అక్షర దోషం దిద్ది ఇచ్చారు. కొండగట్టు తీసుకెళ్ళి పూజ చేయించాను. పూజారి "కొత్త బండా" అంటే నేను "అవును" అనేశాను. అబద్ధమేం కాదు, నాకు కొత్తే.

అనంతపురం_ఆది
సెకండ్ హ్యాండ్ బండికి టైర్ల కింద నిమ్మకాయలు కూడా సెకండ్ హ్యాండ్‌వి పెడతారా?

సుజాత_విశాఖ
అభినందనలు కిరణ్ గారూ. ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పులు నాలుగూ ఒకసారి బిగించుకోండి. నా మాట వినండి.

ఖమ్మం_కిరణ్
నెల రోజులైంది, రిపోర్టు. ఊళ్ళో 11.2, ఖమ్మం రూటులో 16.4. సూర్యాపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే మా నాన్న "ఏంట్రా ఇది, ఎవరో వెనకనుంచి తోసినట్టుంది" అన్నారు. ఒక డౌటు. రెండో గేర్లో తొక్కినప్పుడు సన్నగా ఈల వినిపిస్తోంది, అద్దం దించితే ఇంకా బాగా. నా కన్నా మా అమ్మకే ముందు వినిపించింది, కుక్కర్ అనుకుంది. మామూలేనా?

ఆటోనగర్_బాషా
రోజూ అంతే ఉంటే మామూలే. రోజురోజుకీ పెరిగితే, పికప్ తగ్గితే, రా. అమ్మగారికి చెప్పు, మూడు విజిల్స్ వచ్చినా స్టవ్ కట్టెయ్యక్కర్లేదని.

డీజిల్_బాబాయ్
కిరణూ, ఒక సంగతి. మా అల్లుడు బండి చూస్తున్నాడు, నా మాట వినకుండా టర్బో పెట్రోలే. తెలుపు, 2021, టీఎస్ 07, ఆటోమేటిక్. 6.90 చెప్తున్నారట, ఫస్ట్ ఓనర్, మీటరు మీద 36 వేలు. వెనక అద్దం మీద ఏదో స్టిక్కర్ గీకిన మరక ఉంది, అదొక్కటే లోపం మావయ్యా అంటున్నాడు.

ఖమ్మం_కిరణ్
బాబాయ్, నేను చూసినప్పుడు 48 వేలు.

టర్బో_శీను
రివర్స్ గేర్లో గోవా వెళ్ళొచ్చినట్టుంది.

డీజిల్_బాబాయ్
ఆ అపార్ట్‌మెంట్ ఎక్కడో చెప్పు బాబూ. రేపు పొద్దున్నే అల్లుణ్ణి తీసుకుని నేనే వెళ్తా. వాచ్‌మన్ డ్యూటీ ఎన్నింటికి ఎక్కుతాడు?